గిటారు వాయించినాయన గురించి కాస్త చెప్పండి

పండిత హరిప్రసాద్ చౌరాసియా గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా హిందీ రైలు ప్రయాణాల వరకూ పనికొస్తుంది గానీ మీతో మనసులో మాట చెప్పుకోవడానికి చాలదు. మీ గురుకులాల్లో తెలుగు చదవగలిగిన పిల్లలు ఒకరిద్దరైనా ఉండకపోరు. వాళ్లెవరైనా చదివి అర్థం చెబితే సంతోషం. చెప్పకపోయినా నష్టం లేదు, బహిరంగ లేఖ అన్నాక చదివేవాళ్లు చుట్టూ ఉంటారు.

నేను రాస్తున్నది 1967 నాటి 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' గురించి. హెచ్‌ఎమ్‌వీ వాళ్ల లాంగ్ ప్లే రికార్డు. సంతూర్ శివకుమార్ శర్మ గారు, గిటారు బ్రిజ్‌భూషణ్ కాబ్రా గారు, వేణువు మీరు, తబలా మాణిక్‌రావ్ పోపట్కర్ గారు. రికార్డు చేయించింది జి.ఎన్. జోషీ గారు. కశ్మీరులో ఒక గొర్రెల కాపరి గడిపిన రోజును, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా, ఆయా వేళలకు తగిన రాగాల్లో చెప్పడం అందులో సంకల్పం. అహిర్ భైరవ్, నట్ భైరవ్‌లతో తెల్లవారుతుంది. పీలూ మీదుగా పొద్దు వాలి, భూప్‌లో దీపాలు పెట్టే వేళవుతుంది. దేశ్‌తో చీకటి పడుతుంది. పహాడీతో అయిపోతుంది. మొత్తం కలిపి నలభై నిమిషాల మాట.

అప్పటికి మీ ముగ్గురికీ ముప్పై ఏళ్లు అటూ ఇటూ. మీరూ శివకుమార్ గారూ 1938లో పుట్టారు, కాబ్రా గారు ఒక ఏడాది పెద్ద. పండిట్ అన్న బిరుదు ఇంకా స్థిరపడని వయసు. బొంబాయిలో సినిమా రికార్డింగులకు పిలిస్తే వెళ్లి, ఎవరి పాటలోనో నాలుగు బిట్లు వాయించి, డబ్బులు తీసుకుని ఇంటికి పోయే రోజులు మీకూ శివకుమార్ గారికీ. అటువంటి వయసులో దొరికిన రికార్డు. ఎవరైనా తన సత్తా ఏమిటో చూపించుకోవాలనే అనుకుంటారు. మీరెవరూ ఆ పని చెయ్యలేదు. ఈ రికార్డంటే మాకున్న ఇష్టానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందుగా మా గురించి చెప్పాలి. ఈ రికార్డు అభిమానులు ఒక తీరు మనుషులు. కటౌట్లు కట్టరు, పాలాభిషేకాలు చెయ్యరు, మా వాడు గొప్పా మీ వాడు గొప్పా అని కొట్టుకోరు. ఒకరికొకరు తారసపడటమే అరుదు. ఏ పెళ్లి భోజనాల దగ్గరో పక్క కుర్చీ ఆయనతో మాట కలిసి ఈ పేరు వస్తే, 'మీరూ వింటారా!' అని కళ్లు పెద్దవి చేసి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ గారె తింటూ కూర్చుంటారు. ఎందుకంటే చెప్పడానికి ఏమీ ఉండదు. ఫలానా చోట ఫలానా సంగతి వేశాడు చూశారా అని తొడ చరుచుకునే ఘట్టాలు అందులో లేవు.

మా తరంలో చాలామందికి ఇది దుకాణంలో కొనుక్కున్న వస్తువుగా రాలేదు. ఎనభైల్లో మా ఊళ్లలో రికార్డింగ్ షాపులుండేవి. ఖాళీ కేసెట్టు కొని, కావలసిన పాటల పట్టిక రాసిస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లు. బొంబాయిలోనో భిలాయిలోనో ఉద్యోగం చేసి వచ్చిన చుట్టమెవరో తెచ్చిన రికార్డు నుంచి ఒకరు ఎక్కించుకుంటే, ఆ కేసెట్టు నుంచి ఇంకొకరు, దాని నుంచి మరొకరు. తొంభై నిమిషాల కేసెట్టులో ఒక పక్కకు నలభై అయిదు నిమిషాలు. మీ రికార్డు మొత్తం ఒక పక్కకే సరిపోయేది. రెండో పక్క ఎందుకు వృథా అని మా ఇంట్లో ఘంటసాల భగవద్గీత ఎక్కించారు. నకలుకు నకలు కావడంతో వెనకాల ఎప్పుడూ సన్నగా 'స్స్' మని చప్పుడు ఉండేది. అది కశ్మీరు లోయలో గాలి అని చాలాకాలం అనుకున్నాను. సీడీలో మొదటిసారి విన్నప్పుడు ఆ గాలి లేకపోయేసరికి కొంచెం వెలితిగా అనిపించిన మాట నిజం.

ఇంట్లో ఇది పెట్టుకోవడానికి ఇంకో ఇబ్బంది ఉండేది. దేశ నాయకులెవరైనా చనిపోతే రేడియోలో మామూలు కార్యక్రమాలు ఆపేసి వాద్య సంగీతం వేసేవాళ్లు కదా. 1984లో ఇందిరాగాంధీ పోయినప్పుడు రోజుల తరబడి అదే. దాంతో మాటలు లేని హిందూస్తానీ సంగీతం ఇంట్లోంచి నెమ్మదిగా వినిపిస్తే చాలు, వీధిలో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఆగి 'ఎవరు పోయారండీ?' అని అడిగేవాళ్లు. నవ్వులాటకు చెప్పడం లేదు. పాట అంటే మాట ఉండాలని నమ్మే జాతి మాది. పద్యం, కీర్తన, జావళి, సినిమా పాట, ఏదైనా సాహిత్యం చెవిన పడితేనే మాకు తృప్తి. మా త్యాగయ్యను తమిళులు భాష పూర్తిగా తెలియకుండానే నెత్తిన పెట్టుకున్నారు. మేము మాత్రం మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతాం. అలాంటి మాకు మీ రికార్డు ఎలా పట్టుబడిందా అని ఆలోచిస్తుంటాను.

కొంత జవాబు మీరే. మీ పేరు తెలియని తెలుగువాళ్లు లక్షల్లో ఉండొచ్చు, మీ ఊపిరి తెలియని వాళ్లు తక్కువ. 1986లో కె. విశ్వనాథ్ గారు తీసిన 'సిరివెన్నెల'లో కథానాయకుడు చూపులేని వేణు విద్వాంసుడు. ఆ పాత్రకు ఆయన పెట్టిన పేరు హరిప్రసాద్. తెర మీద సర్వదమన్ బెనర్జీ పెదవుల దగ్గరున్న వేణువులో పలికింది మీరు. కె.వి. మహదేవన్ గారి సంగీతం, సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరుగా మారిపోయిన సినిమా. పాటల మధ్య వేణువు ఒంటరిగా సాగే చోట్ల హాల్లో జనం కదలకుండా కూర్చోవడం మాకు గుర్తుంది. అక్కడ మాట లేదు. అయినా ఎవరూ లేవలేదు. ఆ సినిమా చూసొచ్చిన వాళ్లలో కొందరు ఈ వేణువు ఎవరిదని వెతుక్కుంటూ పోయి, పందొమ్మిదేళ్ల కిందటి ఈ రికార్డు దగ్గర తేలారు. నేను ఆ బాపతు.

చెవులు కూడా సిద్ధంగానే ఉన్నాయేమో. అహిర్ భైరవ్ మా చక్రవాకానికి చాలా దగ్గర. భూప్ అంటే మా మోహన. 'మాయాబజార్'లో వెన్నెల రాత్రి పడవ పాట విని పెరిగిన వాళ్లకి సాయంకాలం భూప్ ఎందుకు పరాయిదవుతుంది? దేశ్ అయితే ఆకాశవాణి రోజూ పొద్దున్నే వందేమాతరంతో నేర్పించింది.

ఇక అసలు విషయం. సంగీతం తెలిసినవాణ్ణి కాను, వినడం మాత్రం తెలుసు. ఈ రికార్డును చాలా ఏళ్లు వినగా నాకు అర్థమైంది ఒకటుంది, తప్పైతే మీరు దిద్దాలి.

సంతూర్‌కి స్వరం నిలవదు. కలంతో తీగను తాకగానే పుట్టి, పుట్టగానే తగ్గిపోవడం మొదలుపెడుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో దానికి జారడం, మీరు మీండ్ అనేది, దానికి రాదు. కశ్మీరులో సూఫియానా గోష్ఠుల్లో వాయించుకునే ఆ వాద్యాన్ని శివకుమార్ గారు కచేరీకి తెచ్చినప్పుడు, జారుడు లేనిది రాగానికి ఏం పనికొస్తుందని పెద్దలు పెదవి విరిచారట. ఆయన తీగలు సవరించుకున్నారు, బల్ల మీద నుంచి ఒళ్లోకి తెచ్చుకున్నారు, కలాన్ని తీగ మీద అతి తేలిగ్గా అదిరిస్తూ స్వరం నిలిచినట్టు భ్రమ కల్పించారు. ఎంత చేసినా అది భ్రమే. ఆయనకూ తెలుసు. రెండోది గిటారు. ఒళ్లో పడుకోబెట్టి, వేళ్లతో మెట్ల మీద నొక్కకుండా, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చి వాయించేది. దానికి జారుడే ప్రాణం. సంతూర్‌కి లేనిదంతా దాని దగ్గర ఉంది. మీటిన తర్వాత చాలాసేపు బతుకుతుంది కూడా, అయినా చివరికి అదీ ఆగిపోవలసిందే. మూడోది మీది. ఊపిరి ఉన్నంతసేపూ స్వరం ఉంటుంది. పెంచొచ్చు, తగ్గించొచ్చు, మధ్యలో వణికించొచ్చు.

ఒకటి నిలవనిది, ఒకటి జారేది, ఒకటి ఊపిరితో నడిచేది. ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెడితే పని పంచుకోవడం తప్ప దారి లేదు. సంతూర్ వదిలేసిన చోటును గిటారు అందుకుంటుంది, గిటారు సన్నగిల్లే చోట వేణువు వస్తుంది. చాలాసార్లు ఒక వాద్యం ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో చెవికి పట్టదు. అందరూ 'వాతావరణం' అని పొగిడేది దీన్నే అనుకుంటాను. మంచు, పైన్ చెట్లు, వాగు అని శ్రోతలు ఏవేవో చెబుతారు. నాకు వినిపించేది మాత్రం ముగ్గురు యువకులు ఒకరి కోసం ఒకరు ఆగడం. తబలా కూడా తొందరపడి రాదు. వచ్చాక సద్దు చెయ్యదు. పోపట్కర్ గారి చేతులు అంత అణకువగా ఉండటం వల్లే మిగతా ముగ్గురి మెత్తదనం నిలబడింది. ఆ మాట ఎవరూ అనరు.

మామూలుగా రాగం విస్తరించడానికి గంట కావాలి. రికార్డుకు ఒక పక్క ఇరవై నిమిషాలు. అందులో రోజంతా ఇమడాలి. ఎవరైనా ఏం చేస్తారు? ఆలాపన కుదించి, వేగం పెంచి, చివర్లో చప్పట్లకు తగ్గట్టు ముగిస్తారు. మీరు వేగాన్ని కుదించారు. ఆ లెక్క స్టూడియోలో ఎవరికి తట్టిందో తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు జుగల్బందీ అంటే కోడిపందెం అయిపోయింది. ఒకరు గుక్క తిప్పుకోకుండా ఓ వరస వదిలితే రెండోవారు అంతకు రెట్టింపు వదలాలి. సవాల్, జవాబ్, మళ్లీ సవాల్. ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు, జనం మాత్రం ఎవరు గెలిచారో లెక్క కడుతుంటారు. మా సభల్లో తని ఆవర్తనానికి తాళం వేసేవాళ్లు తక్కువ, ఫోన్లెత్తి పట్టుకునేవాళ్లు ఎక్కువ. మీ తరమూ వేదికల మీద ఈ పందేలు ఆడింది, ఆడలేదనను. అయితే ఆ ఒక్క రికార్డులో మాత్రం ఎవరూ గెలవలేదు. అయిదు రాగాలు దాటి పహాడీ చివరికొచ్చినా బాగా వాయించింది ఎవరో చెప్పలేం.

మా అభిమానుల్లోనే దీని మీద రెండు మతాలున్నాయి. నిద్రకు ముందు పెట్టుకునే వాళ్లు ఒక వర్గం. రాత్రి దీపం ఆర్పి, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, పీలూ దాటకుండానే నిద్రపోతారు. రెండో పక్క ఎలా ఉంటుందో వాళ్లలో కొందరికి తెలియదు. ఇది అపచారమని రెండో వర్గం కోపం. ఒక యాప్‌లో ఈ రికార్డును ఒత్తిడి తగ్గించే సంగీతాల మధ్య, వాన చప్పుడుకూ సముద్రపు హోరుకూ నడుమ పెట్టారని మా మిత్రుడొకాయన వారం రోజులు అన్నం సయించక తిరిగాడు. నేను మొదటి వర్గాన్నే వెనకేసుకొస్తాను. మనిషిని నిద్రపుచ్చడం సంగీతానికి చిన్నతనం కాదు, తల్లులంతా ఆ పనే చేశారు. ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని లోపల్నుంచి కబురు కోసం చూస్తూ దీన్ని విన్నవాళ్లు నాకు తెలుసు. ఏ రాగమో వాళ్లకు తెలియదు. అవసరం కూడా లేదు. అదే యాప్‌లో నాకు కోపం తెప్పించింది వేరే: పేర్ల దగ్గర తబలా ఆయన పేరు లేదు.

కవరు మీది కథ గురించి కూడా ఒక మాట. ఆ గొర్రెల కాపరి నాకు ఎప్పుడూ అంతగా పట్టలేదు. జమ్మూ ఆయన, జోధ్‌పూర్ ఆయన, అలహాబాద్ ఆయన బొంబాయిలో కూర్చుని ఊహించిన కశ్మీరు అది. పోస్టుకార్డు కశ్మీరు. అసలు కాపరులకు, ఎండాకాలం మందలతో కొండలెక్కి చలికాలం దిగివచ్చే గుజ్జర్లకూ బకర్వాల్‌లకూ, రోజు అంత మెత్తగా గడవదు. 1990 తర్వాత లోయ అన్న మాట పేపర్లో కనబడితే మా గుండె ఇంకో రకంగా ఝల్లుమనడం అలవాటైంది. రికార్డు పేరు అదే, మనం వినే మనుషులం మారాం. అయినా నాదొక అనుమానం. సంతూర్ లేకపోతే ఆ కథ వట్టి అలంకారమయ్యేది. ఆ లోయ వాళ్లు తరాలుగా వాయించిన వాద్యం మధ్యలో ఉంది కాబట్టి నిలబడింది. మిగతాది కవరు రాసినవాళ్ల సరదా అనుకుని వదిలేస్తాను.

పడమటి దేశాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అదే 1967లో రవిశంకర్ గారు మాంటెరీలో వాయించి అమెరికా కుర్రకారును కట్టిపడేశారు. మన సంగీతానికి అక్కడ తలుపులు తెరుచుకున్న సమయం. 1968 జనవరిలో జార్జ్ హారిసన్ బొంబాయి హెచ్‌ఎమ్‌వీ స్టూడియోలో రికార్డు చేసుకున్న బీటిల్స్ పాట 'ద ఇన్నర్ లైట్'లో మీ వేణువు ఉంది. మీ ముగ్గురి రికార్డూ సముద్రాలు దాటి మన శాస్త్రీయ సంగీతంలో బాగా అమ్ముడైన వాటిలో చేరింది. అక్కడి రాక్ సంగీతకారుల అలమరాల్లో కూడా ఉండేదని చెబుతారు. గిటారు వాయించే దేశాల వాళ్లకు ఈ గిటారు ఎలా వినిపించి ఉంటుందో!

గిటారు దగ్గరికి వచ్చాం కాబట్టి, ఈ ఉత్తరం ఎందుకు రాశానో ఇప్పుడు చెబుతాను.

'సిల్‌సిలా' వచ్చింది 1981లో. అప్పట్నుంచి దేశానికి మీరూ శివకుమార్ గారూ కలిసి శివ్-హరి. 'చాందినీ', 'లమ్హే', 'డర్'. రెండు పేర్లు ఒక పేరైపోయాయి. మా ఇళ్లల్లోనూ అంతే. ఈ రికార్డు ఎవరిదని అడిగితే 'శివ్-హరిది' అంటారు. రికార్డు మీద మాత్రం ముగ్గురి పేర్లున్నాయి, తబలాతో కలిపి నలుగురు. శివకుమార్ గారు 2022 మే నెలలో వెళ్లిపోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. జాకిర్ హుసేన్ గారు పాడె మోసిన ఫొటో చూసి ఏడ్వనివాళ్లం లేము. మూడేళ్లు తిరక్కుండా ఆయనా పోయారు. కాబ్రా గారు 2018లో పోయారు. మా తెలుగు పత్రికల్లో ఆ వార్త నా కంట పడలేదు. కొన్ని నెలల తర్వాత ఎవరో యథాలాపంగా అంటే తెలిసింది.

ఆయన సినిమాల వైపు రాలేదు. అహ్మదాబాద్‌లో ఉండిపోయారు. సినిమా నీడ పడని పేరును మన దేశం ఎంతకాలం మోస్తుందో మీకు తెలియనిది కాదు. చేసింది చిన్న పని కాదు మరి. హవాయి గిటారు అంటే సినిమా పాటల్లో, హోటల్ బ్యాండుల్లో తీయగా మోగే సాధనం అనుకుంటున్న రోజుల్లో, దాని మీద శాస్త్రీయ రాగం తప్ప ఇంకేదీ వాయించనని కూర్చున్నారు. అలీ అక్బర్ ఖాన్ గారి సరోద్ దారిని ఈ కడ్డీ మీదికి తెచ్చారు. తర్వాత విశ్వమోహన్ భట్ గారు తన మోహన వీణతో 1994లో గ్రామీ తెచ్చుకున్నా, కలకత్తా దేబాశీష్ భట్టాచార్య గారు ప్రపంచమంతా తిరిగి వాయించినా, ముందు ఆ ముళ్లు ఏరిన వాడు కాబ్రా గారు. దేబాశీష్ గారు ఆయన శిష్యుడే.

ఇటువంటి మనుషుల విలువ మా ప్రాంతానికి తెలుసు. ఫిడేలు ఎక్కడిదో మరిచిపోయేంతగా దాన్ని మా వాద్యం చేసుకున్నది ద్వారం వెంకటస్వామినాయుడు గారి వంటి వాళ్లు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకుని కచేరీకి కూర్చుంటే, ఇదేం వాద్యమని నొసలు చిట్లించిన సభలే ఆ తర్వాత అతని కోసం కిటకిటలాడాయి. మా చిట్టిబాబు గారు వీణ మీద కోయిలను కూయించిన రికార్డు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. మా వాళ్లను మేము పూర్తిగా గుర్తుపెట్టుకున్నామని గొప్ప చెప్పుకోవడం లేదు. నలభై అయిదేళ్లకే పోయిన శ్రీనివాస్ పేరు చెబితే 'ఎవరు?' అనే పిల్లలు పాలకొల్లులోనే ఉంటారు. పేరు నిలవాలంటే తోటివాళ్లు చెప్పాలి. తోటివాళ్ల మాటకున్న బరువు మా బోటి అభిమానుల రాతలకు రాదు.

శివకుమార్ గారు తన ఆత్మకథ రాసి వెళ్లారు. జోషీ గారు తన జ్ఞాపకాలు రాశారు. కాబ్రా గారి వైపు నుంచి ఈ రికార్డు కథ మాకు తెలియదు. సంతూర్, గిటారు, వేణువు వాయించిన ముగ్గురిలో ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు. అందుకే మీకు రాయడం.

ఒక సాయంత్రం తీరుబడిగా కూర్చుని చెప్పండి. ఆయన స్టూడియోకి ఎలా వచ్చేవారు, గిటారు ఏ పెట్టెలో తెచ్చేవారు. సంతూర్ తీగలన్నీ శ్రుతి చెయ్యడానికి పట్టే సమయంలో మీ ఇద్దరూ ఏం చేస్తుండేవారు, టీ తాగేవారా, తగువులాడుకునేవారా. వేణువు శ్రుతి మారదు కాబట్టి మిగతా ఇద్దరూ మీకే కట్టుబడాలి కదా, దాని మీద ఆయన ఏమైనా జోకు వేసేవారా. భూప్‌లో ఆ నిదానం ఎవరి పట్టుదల? పహాడీతో ముగిద్దామన్నది ఎవరు? వాయించాక స్టూడియోలో తిరిగి విన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంది? పోపట్కర్ గారికి ఇంత తక్కువ వాయించమని ఎవరైనా చెప్పారా, ఆయనకే తోచిందా? ఇంకొకటి. అన్నపూర్ణాదేవి గారి దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి వేణువు పట్టుకునే వైపే మార్చేసుకున్నానని మీరు చాలాసార్లు చెప్పారు. ఈ రికార్డు నాటికి వేణువు ఏ వైపు ఉండేది? మా అభిమానుల్లో దీని మీద పందేలు నడుస్తున్నాయి.

పుస్తకం రాయమని అడగడం లేదు. ఈ వయసులో మిమ్మల్ని శ్రమ పెట్టడం భావ్యం కాదు. మీ శిష్యుల్లో ఒకరు ఎదురుగా ఫోను పెట్టి రికార్డు చేస్తే చాలు. ఏ భాషలో చెప్పినా సరే, మాకు అర్థమయ్యేలా మేము తర్జుమా చేయించుకుంటాం. కాబ్రా గారి గురించి ఒక గంట, పోపట్కర్ గారి గురించి ఒక అరగంట. మీ గురించి ఏమీ చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఇది చదివే తోటి శ్రోతలకు ఒక విన్నపం. ఈ రికార్డును ఎవరికైనా పంపేటప్పుడు ఊరికే లింకు పంపి ఊరుకోకండి. కింద నాలుగు పేర్లూ రాయండి: శివకుమార్ శర్మ, బ్రిజ్‌భూషణ్ కాబ్రా, హరిప్రసాద్ చౌరాసియా, మాణిక్‌రావ్ పోపట్కర్.

నమస్కారాలతో,
మీ తెలుగు శ్రోత